క్లోరిన్ కలిపిన మంచినీటిలో రోగక్రిములు ఎట్లు చేరుచున్నవి?

ఊరి ట్యాంకులో బ్లీచింగు పొడి వేసినారు, ఇక నీళ్ళకు భయము లేదు అని మన గ్రామములలో సాధారణముగా అనుకొనుచుందురు. తొలకరి వానలు పడిన పది దినములకే అదే ఊరిలో వాంతులు, విరేచనములు మొదలగును. పొడి వేయనేలేదని ఊరివారు వాటర్‌మన్‌ను నిందింతురు. వేసినానని అతడు ప్రమాణము చేయును. పెక్కు పర్యాయములు అతడు చెప్పినదే నిజము. పొడి వేసినాడు, కాని వేసిన పొడిలోని క్లోరిన్ మన ఇంటి కుళాయి వరకు మిగిలి రాలేదు.

వైద్యులు చెప్పవలసిన ఈ సంగతిని వ్యవసాయశాఖ ఉద్యోగి ఏల వ్రాయుచున్నాడని కొందరు అడుగవచ్చును. కారణము ఉన్నది. శుద్ధి చేసిన నీటివలన రోగములు వ్యాపించిన సంఘటనలలో చాల వివరముగా విచారణ జరిగిన ఒక దానిలో, క్రిములు వచ్చినది మురుగుకాలువ నుండి కాదు, ఒక మంచి రైతు తన పొలములో వేసిన పశువుల ఎరువు నుండి. అందుచేత ఈ సంగతి పశువులు, పెంటకుప్పలు, బోర్లు పక్కపక్కనే ఉండు మన గ్రామముల రైతులకు, పంచాయతీ ఉద్యోగులకు తెలిసి ఉండుట అవసరము.

వాకర్టన్‌లో జరిగినది

కెనడా దేశములో ఒంటారియో రాష్ట్రమున వాకర్టన్ అను చిన్న పట్టణము కలదు. 2000 సంవత్సరములో దాని జనాభా సుమారు 4,800. చుట్టును పశువులను పెంచు రైతుల పొలములు. ఆ ఊరికి మంచినీరు మూడు బావుల నుండి వచ్చుచుండెడిది. మనము బోరుబావులు అనునట్టివే అవి. వానిలో 5వ నెంబరు బావి 1978లో త్రవ్వినది. దానిలోనికి నీరు దిగునది భూమికి 5 మొదలు 8 మీటర్ల లోతులోనే. పైన మట్టిపొర పలుచన. దాని క్రింద పగుళ్ళు గల రాయి. వాననీరు మట్టిలో ఇంకి వడకట్టుకొనుటకు వ్యవధి లేకుండ పగుళ్ళ వెంట నేరుగా బావిలోనికి దిగుటకు వీలున్నది. బావి త్రవ్విన నాడే ఈ లోపము తెలిసినది. అయినను క్లోరిన్ కలుపుచున్నాము గదా యని సరిపెట్టుకొనిరి.

2000 ఏప్రిల్ నెలాఖరున బావికి సమీపమున ఉన్న పొలములో పశువుల ఎరువు చల్లి దున్నిరి. మే 8 నుండి 12 వరకు అయిదు దినములలో 134 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ వానతో ఎరువులోని క్రిములు బావిలో పడినవి. అవి రెండు రకములు. ఒకటి ఈ.కోలై ఓ157 అనునది, రెండవది కాంపైలోబాక్టర్ అనునది. పశువుల ప్రేగులలో ఇవి హాయిగా నివసించును. పశువునకు జబ్బు చేయదు, పాలు తగ్గవు, మేత మానదు. కాని మనుష్యుని కడుపులోనికి, అందును చిన్నబిడ్డల కడుపులోనికి పోయినచో రక్తవిరేచనములు కలుగును. ఈ.కోలై ఓ157 కొందరిలో మూత్రపిండములను చెడగొట్టును. వాకర్టన్‌లో 27 మందికి అట్లు జరిగినది. వారిలో ఎక్కువమంది పసివారు. మొత్తము మీద 2,300 మందికి పైగా జబ్బుపడిరి. ఏడుగురు మరణించిరి. ఊరిలో రమారమి ప్రతి ఇద్దరిలో ఒకరు మంచమెక్కినారన్నమాట.

ఆ నీటిలో క్లోరిన్ కలుపుటకు యంత్రము ఉన్నది. క్లోరిన్ కలిపిన పదిహేను నిమిషముల తరువాత లీటరు నీటిలో 0.5 మిల్లీగ్రాము మిగిలి ఉండవలెనని నియమమును ఉన్నది. కాని నడుపువారు చాల సంవత్సరములుగా తక్కువ క్లోరిన్ వాడుచు, ప్రతిదినము పరీక్ష చేయకుండగనే రిజిస్టరులో 0.5 అనియో 0.75 అనియో వ్రాసికొనుచుండిరి. ఎరువుతో కూడిన వాననీరు వచ్చిన దినములలో ఆ కొద్దిపాటి క్లోరిన్ ఆ మాలిన్యమునకే సరిపోయినది, క్రిములకు మిగులలేదు.

మే 15న తీసిన నీటి నమూనాలు చెడ్డవని ప్రయోగశాల 17వ తేదీన నీటి సంస్థకు తెలిపినది. ఆ సంగతి ఆరోగ్యశాఖకు చేరలేదు. 1996లో అచ్చటి ప్రభుత్వము మునిసిపల్ నీటి పరీక్షలను ప్రభుత్వ ప్రయోగశాలల నుండి తొలగించి ప్రైవేటు ప్రయోగశాలలకు విడిచినది. చెడ్డ ఫలితమును ఆరోగ్యాధికారికి తప్పక తెలుపవలెనను నియమమును మాత్రము పెట్టలేదు. 19వ తేదీన ఆరోగ్యశాఖవారు అడిగినప్పుడు కూడ నీరు బాగుగనే ఉన్నదని సమాధానము వచ్చినది. నీళ్ళు కాచి త్రాగుడని ప్రజలకు చెప్పునప్పటికి 21వ తేదీ అయినది.

తరువాత న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదికలు ఇచ్చిరి. బావివద్ద మిగులు క్లోరిన్‌ను, మడ్డిని ఎడతెగక కొలుచు యంత్రములు ఉండినచో ఈ ఉపద్రవము సంభవించి ఉండెడిది కాదనియు, కనీసము దినమునకు ఒకసారి నిజముగా కొలిచి ఉండినచో దాని తీవ్రత చాల తగ్గి ఉండెడిదనియు ఆయన తేల్చిరి.

రైతు సంగతి ఏమి? ఎరువు వేసిన రైతు మంచి పద్ధతుల ప్రకారమే నడచుకొన్నాడు, అతనిపై నిందలేదని నివేదిక స్పష్టముగా చెప్పినది. ఇది గమనింపదగినది. రైతు తప్పు లేకుండగనే అతని పొలము నుండి ఏడుగురి ప్రాణములు తీసిన క్రిములు బయలుదేరినవి. తప్పు ఒకరిది కానంత మాత్రమున ప్రమాదము లేకుండ పోదు. బావికి పొలమునకు నడుమ ఎంత దూరము, ఎట్టి నేల ఉన్నదని చూడవలసినవారు చూడలేదు. ఒంటారియోలో 2002లోనే ఎరువుల వాడకమును గూర్చియు, త్రాగునీటిని గూర్చియు క్రొత్త చట్టములు చేసిరి.

మన నేలల సంగతి కూడ ఇక్కడనే చెప్పుట మంచిది. తెలంగాణలోను రాయలసీమలోను చాలచోట్ల పైన కొద్దిపాటి మట్టి, దాని క్రింద శిథిలమైన రాయి, ఆపైన పగుళ్ళుగల నల్లరాయి ఉండును. మన బోర్లకు నీరు ఆ పగుళ్ళలో నుండియే వచ్చుచున్నది. బోరు మూడు వందల అడుగులు దింపితిమి గనుక మలినము చేరదని అనుకొనరాదు. కేసింగు పైపు గట్టిరాతి వరకు దింపి, దాని చుట్టునున్న సందును సిమెంటుతో మూయనిచో పైనీరు ఆ సందు వెంటనే క్రిందికి జారిపోవును.

క్లోరిన్ ఎట్లు ఖర్చగును?

బ్లీచింగు పొడిని నీటిలో కలిపినప్పుడు విడుదలయగు క్లోరిన్‌కు మంచి చెడ్డల వివక్షత లేదు. కుళ్ళిన ఆకు, పేడ, మట్టి, ఇనుము, అమోనియా ఏది ఎదురైనను దానితో కలిసి ఖర్చయి పోవును. అవి అన్నియు తీరిన తరువాత మిగిలినదే క్రిములను నమ్మకముగా చంపును. నీరు ఈ విధముగా మ్రింగివేయు క్లోరిన్‌ను నీటి అవసరమనియు, ఆపైన నిలిచినదానిని మిగులు క్లోరిన్ అనియు అందురు. మిగులు లేనిచో పొడి వేసినను వేయకున్నను వ్యత్యాసము స్వల్పము. కౌలు, కూలి, ఎరువుల బాకీ తీర్చిన తరువాత ఇంటికి వచ్చు గింజలే రైతువి అయినట్లు, నీటి అవసరము తీరిన పిదప నిలుచునదే మన రక్షణ.

లెక్క కష్టమైనది కాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము అనగా వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. ఒక ఊరి నీటికి 1.5 మిల్లీగ్రాములు అవసరము అనుకొందము. 0.5 మిగులవలెను. మొత్తము 2 మిల్లీగ్రాములు. 40,000 లీటర్ల ట్యాంకుకు 80 గ్రాముల క్లోరిన్ కావలెను. క్రొత్త పొడిలో నూటికి 33 పాళ్ళు క్లోరిన్ ఉండును గనుక సుమారు 240 గ్రాముల పొడి సరిపోవును. అదే పొడి మూతలేని డబ్బాలో, పంపుగది కిటికీ క్రింద ఎండకు వానకు నెలల తరబడి ఉండి 15 పాళ్ళకు దిగజారినదనుకొనుడు. అప్పుడు 530 గ్రాములకు పైగా వేయవలెను. అట్టి పొడిని అలవాటు ప్రకారము 240 గ్రాములు వేసినచో నీటిలో పడు క్లోరిన్ 36 గ్రాములే. లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడ కాదు. నీటి అవసరమే తీరలేదు, ఇక మిగులు ఎక్కడిది? ఎన్ని గ్లాసులు వేసితివని అడుగుటకన్న, ఆ బస్తా ఎప్పుడు వచ్చినది, ఎక్కడ పెట్టితివి అని అడుగుట మేలు. పొడిని మూత బిగువుగా ఉండు డబ్బాలో, చల్లని, పొడిగానుండు, వెలుతురు తగులని చోట నిలువచేయవలెను.

పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించుట చాలచోట్ల చూచితిని. సున్నము అడుగున గడ్డకట్టును, క్లోరిన్ సరిగా కలియదు. బకెట్టులో ముందు కొద్ది నీటితో మెత్తగా కలిపి, తరువాత నీరు నింపి, సున్నము పేరుకొనిన పిమ్మట పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. అటుపై అరగంట ఆగి నీరు వదలవలెను. ఈ అరగంట చాల ముఖ్యము. క్రిములు చచ్చుటకు క్లోరిన్ ఎంత కావలెనో కాలము కూడ అంతే కావలెను. నీరు మడ్డిగా ఉన్నచో మన్నురేణువుల చాటున క్రిములు దాగికొనును. ముందుగా పటిక వేసి తేర్చుకొనక తప్పదు. నీటి పి.హెచ్. 8 దాటినచోట్ల కూడ క్లోరిన్ బలము తగ్గును.

క్లోరిన్ సర్వరోగ నివారిణి కాదు. కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనములు, ఈ.కోలై, కాంపైలోబాక్టర్ మొదలగు బాక్టీరియాలు దానికి సులభముగా లొంగును. క్రిప్టోస్పోరిడియం అను మరొక జాతి సూక్ష్మజీవి గట్టి పెంకువలన లొంగదు. 1993లో అమెరికాలోని మిల్‌వాకీ నగరములో వడపోసి క్లోరిన్ కలిపిన నీటి ద్వారానే అది సుమారు 4 లక్షల మందికి అతిసారము కలిగించినది. కాచిన నీటిలో మాత్రము అదియు బ్రతుకదు.

ట్యాంకు దాటిన తరువాత

ట్యాంకులో నీరు నిర్దోషముగా ఉన్నను కుళాయి వద్దకు వచ్చునప్పటికి చెడిపోవచ్చును. మనకు నీరు రోజుకొక గంటయో, రెండు గంటలో వదలుదురు. తక్కిన కాలము గొట్టములు ఖాళీ. నీరు నిండియున్నప్పుడు చిల్లు గల అతుకునుండి నీరు బయటికి కారును. గొట్టము ఖాళీ అయినప్పుడు అదే చిల్లుగుండ బయటి మురుగు లోపలికి పోవును. దీనికి తోడు కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుదురు. ఆ లాగుడుకు పైనున్న వీధి మురుగు కూడ అతుకుల సందులనుండి గొట్టములోనికి వచ్చును. ఒకరి మోటారు పదిమంది బిందెలలో మురుగు పోయుచున్నదని చెప్పినను తప్పులేదు.

నీటి ఒత్తిడి చాలక ఇంటిముందు గుంటత్రవ్వి కుళాయిని పల్లమునకు దించుట ఇంకొక దురలవాటు. వాన పడినచో ఆ గుంట నిండి కుళాయి మునుగును. సరఫరా ఆగినంతనే గుంటలో నీరు గొట్టములోనికి వెనుకకు పోవును. గేటువాల్వుల గుంటలు, మురుగుకాలువలో నుండి పోవు గొట్టములు కూడ ఇట్టివే. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలరా వ్యాపించి పలువురు మరణించుటకును, 2018 మార్చిలో పాత గుంటూరు ప్రాంతములలో అతిసారము ప్రబలి ప్రాణనష్టము జరుగుటకును మంచినీటి గొట్టములలో మురుగు కలియుటయే కారణము.

ఈనాడు గ్రామములలో ఇరువది లీటర్ల క్యానులతో ప్లాంటు నీరు కొనుచున్నారు. ఆ నీరు వడపోతలో తేటపడును, ఉప్పదనము పోవును, నిజమే. కాని దానిలో మిగులు క్లోరిన్ ఉండదు. అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసినను ఆ కిరణములు యంత్రములో నీరు పారునంతసేపే పనిచేయును. తరువాత క్యాను లోపల జిగురు పట్టియున్నను, మూత తీసి చెయ్యి తగిలినను క్రిములు పెరుగుటకు అడ్డు లేదు. క్యానులను నెలకొకసారియైనను బ్లీచింగు నీటితో కడుగుచున్నారా అని కొనువారు అడుగవలెను. రుచిగా ఉన్నదను మాట శుభ్రతకు గుర్తు కాదు. కుళాయి నీటిలో కొద్దిగా క్లోరిన్ వాసన వచ్చుచున్నదని ముఖము చిట్లించువారిని చూచినప్పుడెల్ల, ఆ వాసన వచ్చినందుకు సంతోషింపవలె ననిపించును.

పరీక్ష ఎట్లు చేయవలెను?

మిగులు క్లోరిన్ పరీక్ష రెండు నిమిషముల పని. చిన్న సీసాలో నీరు పోసి మందుచుక్కలు వేసినచో పసుపురంగు వచ్చును. మరొక మందుతో గులాబిరంగు వచ్చును. ఆ రంగును పెట్టెమీది రంగులతో పోల్చి అంకె చూచుకొనవలెను. భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 ప్రకారము కుళాయి వద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాము ఉండవలెను. వైరసుల భయము ఉన్నప్పుడు 0.5 ఉండవలెను. ఈ.కోలై వంద మిల్లీలీటర్ల నమూనాలో ఒక్కటియు కనబడరాదు. పరీక్ష ట్యాంకు క్రింది కుళాయి వద్ద చేసి ఊరుకొనుట వ్యర్థము. ఊరి చివరనున్న, అన్నిటికన్న పల్లములోనున్న కుళాయి వద్ద చేయవలెను. అక్కడ రంగు వచ్చినచో మధ్యనున్న ఇండ్లకు సాధారణముగా చింతలేదు. ఒక వీధిలో మాత్రమే రంగు రానిచో ఆ వీధి గొట్టములోనే లోపమున్నదని గుర్తింపవలెను.

పంచాయతీ రిజిస్టరులో నెల పొడుగున 0.5 అనియే ఉన్నచో నాకు సందేహము కలుగును. నీరు ప్రతిదినము ఒకే విధముగా ఉండదు. ఒకనాడు 0.3, ఒకనాడు 0.6, వాన మరునాడు సున్న అని వ్రాసియున్న రిజిస్టరే నమ్మదగినది. సున్న వ్రాసినందుకు వాటర్‌మన్‌ను మందలించు అధికారి మరునాటినుండి అబద్ధపు అంకెలే చూడవలసి వచ్చును.

క్రిముల జాడ తెలిసికొనుటకు చౌకయైన సీసా పరీక్ష ఒకటి మన దేశములోనే, గ్వాలియరులోని రక్షణ పరిశోధనా సంస్థలో రూపొందినది. మాంజా, మౌర్య, రావు అను శాస్త్రజ్ఞులు దానిని 1982లో ప్రకటించిరి. మందు పూసిన కాగితము గల సీసాలో నీరు నింపి వెచ్చనిచోట ఒకటి రెండు దినములు ఉంచినచో, మలసంబంధమైన మాలిన్యము ఉన్న నీరు నల్లబడును. 2019లో మొదలయిన జల్ జీవన్ మిషన్ క్రింద ఊరికి అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలలో తర్ఫీదు ఇచ్చు ఏర్పాటు ఉన్నది. పరీక్షపెట్టె పంచాయతీ బీరువాలో బీగము వేసి ఉంచక వారి చేతికి ఇవ్వవలెను. ఒక మాట మరువరాదు: నల్లబడని సీసా ఆనాటి నీటిని గూర్చియే చెప్పును గాని రేపటి నీటిని గూర్చి చెప్పదు. మరియు సీసా ఫలితము వచ్చునప్పటికి ఆ నీరు అందరును త్రాగియే ఉందురు. అందుచేత దినదినము చూడవలసినది మిగులు క్లోరిన్.

రైతు చేయదగినది

పెంటకుప్పను మంచినీటి బోరునకు వాలుగా, పల్లపు వైపున వేసికొనవలెను. మరుగుదొడ్డి గుంటలకు చెప్పు 15 మీటర్ల దూరము పెంటకుప్పకు కూడ కనీసమని భావింపవచ్చును గాని, రాతినేలలలో అది చాలునని ధైర్యపడరాదు; ఎంత దూరమైన అంత మంచిది. పచ్చిపేడలో ఈ.కోలై వారములు, నెలలు కూడ బ్రతుకును. సరిగా పేర్చి, తడియుంచి, తిరుగవేసిన కంపోస్టు కుప్పలో వేడి 55 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కొన్ని దినములు నిలిచినచో చాలవరకు చచ్చును. అంచులలో వేడి పుట్టదు గనుకనే తిరుగవేయుమని చెప్పుట. బాగుగా మాగిన ఎరువు పైరునకును మేలు. కలుపు గింజలు కూడ చచ్చును. పెద్దవాన సూచన ఉన్నప్పుడు బోరునకు ఎగువనున్న పొలములో ఎరువు చల్లుట వాయిదా వేసికొనవలెను, చల్లినచో వెంటనే దున్ని మన్ను కప్పవలెను.

పశువుల నీటితొట్టిని మంచినీటి బోరును ఆనుకొని కట్టుట సౌకర్యముగానే ఉండును. పొంగిన నీరు, పేడ, గిట్టల బురద అన్నియు బోరు మొదట చేరును. తొట్టికి ఒక గొట్టము వేసి దూరముగా కట్టుటకు అయ్యెడి ఖర్చు కొంచెమే. బోరు చుట్టు సిమెంటు గట్టు బీటలు లేకుండ, బయటికి వాలుగా ఉండవలెను. వదలివేసిన పాత బోర్లను తెరచి ఉంచుట బిడ్డలకు ప్రమాదమని అందరు ఎరుగుదురు. అవి మలినమును నేరుగా భూగర్భ జలములోనికి దింపు గొట్టములు కూడ.

పెద్దవాన కురిసిన తరువాత మూడు నాలుగు దినములు మిగులు క్లోరిన్‌ను ఉదయము, సాయంకాలము రెండుసార్లు చూచుట, 0.2 కన్న తగ్గినచో నీరు కాచి త్రాగుడని వెంటనే దండోరా వేయించుట పంచాయతీవారి పని. ఇండ్లలో నీరు తెరలుచు మరుగువరకు ఒక నిమిషము కాచి, అదే పాత్రలో చల్లార్చి, మూతవేసి, పిడిగల గరిటెతో ముంచుకొనవలెను. చెంబుతో చెయ్యి ముంచినచో కాచిన కట్టెలు వృథా.

విరేచనములు పట్టుకొనిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును కొలతకు సమముగా గీసి, కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. జింకు మాత్రలు ఆరోగ్య కార్యకర్తల వద్ద అడిగి తీసికొనవలెను. విరేచనములో రక్తము కనబడినచో విరేచనములు కట్టు మందులు గాని, దుకాణములో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు గాని ఇంట వేయక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. రక్తవిరేచనములు తగ్గినవని అనుకొను దినములలోనే బిడ్డ ముఖము పాలిపోయి, ఉబ్బి, మూత్రము తగ్గినచో ఒక్క పూట కూడ ఆలస్యము చేయరాదు. వాకర్టన్‌లో పసివారి మూత్రపిండములు చెడినది ఆ విధముగనే.